మంచు కొండ మీద నమూనా కుటుంబం

ఉద్యోగులు సంతోషంగా లేరన్న సంగతి మా ఎండీగారికి బెంగుళూరులో మూడు రోజుల సెమినార్‌కి వెళ్ళినప్పుడు తెలిసింది. అంతవరకూ ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. జీతం వస్తోంది, ఫ్యాను తిరుగుతోంది, పదకొండింటికి టీ వస్తోంది. ఇంతకన్నా మనిషికేం కావాలిలే అనుకుంటూ ఎలాగోలా బతికేస్తున్నాం.

ఆయన తిరిగొచ్చిన వారానికి సర్క్యులర్ వచ్చింది. 'సంస్థ యొక్క పురోగతికి ఉద్యోగి యొక్క ఉల్లాసమే పునాది అయి ఉన్నందున, ఇందుమూలముగా ఉల్లాస పురస్కారము స్థాపించడమైనది. ఎంపికైన ఉద్యోగి సకుటుంబముగా మంచు పర్వతముల మీద గల విలాసవంతమైన షాలే నందు ఏడు దినములు బస చేసి, విధిగా ఉల్లసించవలెను. ఉల్లసించినట్లు ధ్రువపత్రము మూడు ప్రతులలో సమర్పించవలెను.'

షాలే అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియలేదు. ఫోన్లో వెతికితే, కొండ మీద చెక్కతో కట్టిన పెద్ద ఇల్లనీ, మంచు జారిపోవడానికి కప్పు బాగా ఏటవాలుగా ఉంటుందనీ, హాలు మధ్యలో నిప్పు మండుతూ ఉంటుందనీ తేలింది. సంగతి విని మా అత్తగారు సన్యాసమ్మగారు, "చెక్కిల్లా? మా బొబ్బిలి కాడ కోళ్ళకి కడతారు బాబూ" అన్నారు.

మా సంస్థ పేరు ధాన్య సంరక్షణ మండలి. రైతుల ధాన్యాన్ని గోడౌన్లలో పెట్టి, ఎలకలూ పురుగులూ తినకుండా కాపాడుతూ ఉంటాం. విజయనగరం ప్రాంతీయ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. ఇప్పిలి జోగారావు అంటారు. ఆ పురస్కారం మొట్టమొదటిసారి నాకే వచ్చింది.

ఎందుకొచ్చిందంటే, కిందటి తుఫానులో గోడౌన్ కప్పు రేకులు ఎగిరిపోతే, నేనూ వాచ్‌మన్ గవరయ్యా కలిసి నాలుగు వేల బస్తాల మీద టార్పాలిన్లు కప్పాం. గవరయ్య నాతో సమానంగా కష్టపడ్డాడు. నిజం చెప్పొద్దూ, నాకన్నా ఎక్కువే తడిశాడు, గొడుగు నా దగ్గరుంది కాబట్టి. కానీ కాపలా కాయడం వాచ్‌మన్ విధి అనీ, రాయడం మాత్రమే అసిస్టెంటు విధి అనీ, అందువల్ల గవరయ్య చేసింది డ్యూటీ, నేను చేసింది సాహసం అవుతుందనీ హెడ్డాఫీసు తేల్చింది. పెద్దవాళ్ళు తేల్చాక మనం కాదనడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఉత్తర్వు తీసుకెళ్ళి మా ఆవిడ వరాలు చేతిలో పెట్టాను. పెళ్ళయిన పదమూడేళ్ళలో నేను తనని తీసుకెళ్ళిన దూరప్రయాణం అన్నవరం. అదీ వాళ్ళ తమ్ముడు వ్రతం చేయించుకుంటుంటే, వాళ్ళ కార్లో. వరాలు ఉత్తర్వు రెండుసార్లు చదివి, "నిజంగా పైనించి పడుతుందా అండీ, మంచు? మన మీదే పడుతుందా?" అని అడిగింది. పడుతుందన్నాను. "ఈ చలికాలంలో నీ నెత్తి మీద మంచు పడకపోతే నా పేరు జోగారావే కాదు" అని ఒట్టు కూడా వేశాను. మర్నాటికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఎదురింటి వాళ్ళు స్వెట్టరు అరువిస్తామన్నారు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఉద్యోగుల సంక్షేమం ఫైళ్ళు చూసేది నేనే. నా బహుమతి ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. లబ్ధిదారుడు తన లబ్ధిని తానే ఎంచుకోరాదని రూలు. అంచేత ఏ షాలేకి వెళ్ళాలో ఎంపిక చెయ్యడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ప్రాంతీయ మేనేజరు పురుషోత్తంగారు అధ్యక్షుడు. నాణ్యతాధికారి కుసుమకుమారిగారూ, గోడౌన్ల ఇంజనీరు నరహరిగారూ సభ్యులు. నేను కాగితాలు అందించడానికి.

"జోగారావుగారూ, ఫైల్లో విజేత పేరు కనపడకూడదండీ. కనపడితే మాకు పక్షపాతం వస్తుంది" అన్నారు పురుషోత్తంగారు.

నా పేరున్న చోటల్లా తెల్ల కాగితం ముక్కలు అంటించాను. అప్పట్నుంచీ ఆఫీసులో నేను వేరు, విజేత వేరు. విజేత కుటుంబ వివరాలు కావాలని కమిటీ అడిగితే, విజేతకి ఉత్తరం రాసి తపాలా రిజిస్టరులో ఎక్కించాను. మర్నాడు తపాలాలో అది నాకే వచ్చింది. పనుల ఒత్తిడిలో జవాబు నాలుగు రోజులు ఆలస్యమైతే, 'మీ నిర్లక్ష్య వైఖరి పట్ల కమిటీ తీవ్ర అసంతృప్తితో ఉన్నది' అని నాకు నేనే మెమో పంపుకోవలసి వచ్చింది. చదివాక నిజంగానే సిగ్గేసింది. వెంటనే జవాబిచ్చాను: భార్య ఒకరు, కుమార్తె ఒకరు, అత్తగారు ఒకరు.

మొదటి సమావేశంలో నరహరిగారు కులూ వైపు కొండల మీదున్న ఇరవై షాలేల ఫొటోలు బల్ల మీద పరిచారు. ఒకదాంట్లో మంచం మీదినించే కొండ కనిపిస్తోంది. ఇంకోదాంట్లో స్నానాల గదికి కూడా నిప్పు గూడుంది. నాకు నోరూరింది కానీ, నోరెత్తే హక్కు లేదు.

"ఫొటో చూసి బియ్యం కొంటామా?" అని అడిగారు కుసుమకుమారిగారు. "నమూనా తియ్యాలి."

అదీ మా వృత్తిధర్మం. లారీలో ఎన్ని వందల బస్తాలొచ్చినా అన్నీ విప్పం. మొన తేలిన గొట్టం బస్తాలోకి గుచ్చి గుప్పెడు గింజలు తీస్తాం. ఆ గుప్పెడు ఎలా ఉంటే లారీ అంతా అలాగే ఉన్నట్టు. ముప్పై ఏళ్ళుగా ధాన్యానికి చేస్తున్నదే షాలేకీ చెయ్యాలన్నారు ఆవిడ. ఏడు రోజుల బస ఎలా ఉంటుందో తెలియాలంటే ఏడు రోజులూ ఉండి చూడాలి. విజేత కుటుంబంతో వెళతాడు కాబట్టి, తనిఖీకి వెళ్ళే కుటుంబం కూడా అచ్చం అలాంటిదే అయి ఉండాలి. లేకపోతే నమూనా చెల్లదు.

"భార్యాభర్తలుగా నేనూ మా ఆవిడా వెళతాం" అన్నారు పురుషోత్తంగారు, ఎంతో త్యాగం చేస్తున్నట్టు. కూతురికి నరహరిగారు వాళ్ళమ్మాయిని ఇస్తానన్నారు. ఇక అత్తగారు కావాలి. పురుషోత్తంగారి అత్తగారు పోయి పదేళ్ళయింది. నరహరిగారికీ వాళ్ళ అత్తగారికీ గోదావరి పుష్కరాల దగ్గర్నుంచీ మాటల్లేవు.

కుసుమకుమారిగారైతే, "మా అత్తగారితో ఏడు రోజులా? నన్ను సస్పెండ్ చెయ్యండి, వింటాను" అన్నారు.

ముగ్గురూ నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"విజేతకి అత్తగారున్నారు కదా?" అన్నారు పురుషోత్తంగారు.

"విజేతంటే నేనే కదండీ! ఆవిడ మా అత్తగారు" అన్నాను.

"మీరు మళ్ళీ పేర్లు బయటపెడుతున్నారు."

అత్తగారు లబ్ధిదారుని బంధువా కాదా అని మధ్యాహ్నమంతా చర్చించారు. చివరికి 'అత్తగారి ఉల్లాసము అల్లుని ఉల్లాసముగా పరిగణించబడజాలదు' అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ఒక్క తీర్మానంలో మాత్రం నాకు తప్పేమీ కనిపించలేదు.

మా అత్తగారు రెండు చీరలు, ఆవకాయ జాడీ, కోతి టోపీ పట్టుకుని వెళ్ళారు. రెండు వారాలకి ఎర్రగా, నున్నగా తిరిగొచ్చారు.

"ఏటి సెప్పమన్నావే వరాలూ! పొద్దున లేచి తలుపు తీస్తే లోకమంతా తెల్లగుంది. ముగ్గెయ్యక్కర్లేదు. కింద గచ్చు కూడా వెచ్చగుంటాది. ఆ మేనేజరు బాబు మంచం మీదకే టిఫిను తెప్పించేసినాడు. నాకు మాత్రం నీ మీదే బెంగే తల్లీ. ఎంత బెంగంటే, అన్నం తిన్నాక కూడా తలుచుకున్నాను."

వరాలు నవ్వుతూనే విన్నది. అర్ధగంట విన్నాక లోపలికెళ్ళి, ఉత్తర్వు మరోసారి చదువుకుంది.

కమిటీ నివేదిక పసందుగా ఉంది. 'షాలే అన్ని విధములా ఉత్తమము. తేమ స్వల్పము. ఎలుకలు, ముక్కపురుగు లేవు. అత్తగారు సంతృప్తికరముగా పనిచేసినారు.' నేను ఆనందం పట్టలేక అప్పటికప్పుడు సెలవు చీటీ రాసేశాను.

కుసుమకుమారిగారు రూళ్ళ పుస్తకం తెరిచారు. "ఒక్క నిమిషం. నమూనాగా తీసిన సరుకును తిరిగి బస్తాలో కలపరాదు. ఏడో రూలు."

"అంటే?" అన్నారు నరహరిగారు.

"ఆ షాలేలో మేనేజరుగారివాళ్ళు ఉండి వచ్చేశారు. అది నమూనా అయిపోయింది. నమూనాని విజేతకి ఇవ్వడానికి వీల్లేదు."

"అయితే తనిఖీ చెయ్యని షాలే ఇచ్చేద్దాం."

"తనిఖీ చెయ్యనిదాన్ని ఎలా సిఫార్సు చేస్తామండీ?"

తనిఖీ చేసింది ఇవ్వకూడదు, చెయ్యనిది ఇవ్వలేం. ఇలాంటి ధర్మసంకటం ఎవరికైనా వస్తే తల పట్టుకుంటారు. పురుషోత్తంగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, "బాధ్యత ఎంత బరువైనా మొయ్యాలి కదండీ. రెండోది చూసొద్దాం" అన్నారు.

రెండోదానికి కుసుమకుమారిగారు భర్తని తీసుకుని బయల్దేరారు. నరహరిగారి అమ్మాయికి పరీక్షలు అడ్డొచ్చాయి. అందుకని మా హారిక వెళ్ళింది. పదకొండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఎగురుకుంటూ వెళ్ళి, రెండు వారాల తర్వాత మంచు బొమ్మ పక్కన తీయించుకున్న ఫొటోలతో దిగింది. మూడోదానికి నరహరిగారి కుటుంబంతో మా అత్తగారు మళ్ళీ వెళ్ళారు. అప్పటికి ఆవిడకి అనుభవం వచ్చేసింది. నివేదిక కింద సంతకం పెట్టి, 'నమూనా అత్తగారు (సీనియర్)' అని కూడా రాయించారు.

మూడు షాలేలూ బ్రహ్మాండం. మూడూ పనికిరాకుండా పోయాయి.

ఫిబ్రవరి వచ్చేసింది. ఎదురింటావిడ అరువిచ్చిన స్వెట్టరు తిరిగి అడిగి తీసుకుంది. ఆ రోజు నేనింటికి వెళ్ళేసరికి వరాలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా అమ్మ మూడుసార్లు చూసొచ్చింది. కడుపున పుట్టిన పిల్ల చూసొచ్చింది. మీ మేనేజరు పెళ్ళాం చూసొచ్చింది, ఇంజనీరు పెళ్ళాం చూసొచ్చింది. నేనే పాపం చేశానండీ? బహుమతి మనకొచ్చిందన్నారు, నేను వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు పాలవాడు కూడా ఎప్పుడెళతారమ్మా అని అడుగుతున్నాడు!" కళ్ళనీళ్ళు తిరిగాయి తనకి. "ఆ దిక్కుమాలిన బహుమతి రాకుండా ఉంటే ఈపాటికి మనమూ ఎక్కడికో అక్కడికి వెళ్ళుందుం. వద్దని రాసి వాళ్ళ మొహాన కొట్టండి!"

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఒట్టేసినవాణ్ణి నేను, తనకి మొహం చాటేస్తున్నదీ నేనే. అన్నం సయించలేదు. చెయ్యి కడుక్కుంటూ ఉంటే తను అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది, ఉన్నపళాన నిలబడిపోయాను. వద్దని రాసెయ్యడం! వెళ్ళకూడనివాడు విజేత ఒక్కడే. విజేత కానివాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చు. ఊరందరూ వెళ్ళొస్తున్నది అందుకే కదా!

మర్నాడు 'పురస్కారమును సవినయముగా తిరస్కరించుచున్నాను' అని రాసి ఇచ్చాను. కమిటీ గుండెల్లో రాయి పడింది.

"అన్యాయమండీ జోగారావుగారూ! విజేత లేకపోతే కమిటీ ఎలా ఉంటుంది? ఇంకా పదిహేడు షాలేలు మిగిలున్నాయి!" అన్నారు పురుషోత్తంగారు.

"అర్హుల జాబితాలో తరవాతి పేరు టైపిస్టు అప్పలనర్సుదండీ. పురస్కారం ఆయనకి పోతుంది. కమిటీ కమిటీగానే ఉంటుంది" అన్నాను. "ఇక నాకంటారా, ఇప్పుడు ఏ ఆసక్తీ లేదు. వద్దన్నవాడి మాటలో పక్షపాతం ఉండదు. నాకో పెళ్ళాం, కూతురు ఉన్నారు. తర్ఫీదు పొందిన అత్తగారున్నారు. ఇంతకన్నా మంచి నమూనా కుటుంబం తమకి దొరకదు."

కుసుమకుమారిగారు ఏడో రూలు, పదకొండో రూలు, అనుబంధం చూశారు. ఎక్కడా అడ్డు లేదు. "శాస్త్రీయంగానే ఉంది" అన్నారు.

నాలుగో షాలేకి మేం వెళ్ళాం. మొదటి రెండు రోజులూ ఎండ కాసింది. కొండలు తెల్లగా ఉన్నాయి గానీ పైనించి ఒక్క చుక్క పడలేదు. వరాలు పొద్దున్నించి సాయంత్రం దాకా వసారాలో కూచుని ఆకాశం చూస్తూ ఉంది. నేను తన మొహం వైపు చూడలేక, గదుల్లో ఎలకలున్నాయేమోనని వెతుకుతున్నట్టు నటించాను. మూడో రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర హారిక, "అమ్మా! అమ్మా!" అని కేక పెట్టింది. వరాలు ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తింది. చప్పుడు లేకుండా పడుతోంది మంచు. జుట్టు మీద, కనుబొమల మీద, నగల్లేని మెడ మీద. తను నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఏమండీ, చూశారా, నిజంగానే నా మీద పడుతోంది" అన్నది.

"లోపలికి రాయే, జలుబు సేస్తాది! కొత్త కదా, నీకు తెలీదు" అని సీనియర్ అత్తగారు తలుపు దగ్గర్నుంచి అరుస్తున్నారు. జీవితంలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ధ్రువపత్రం మూడు ప్రతుల్లో నిజంగానే నింపొచ్చు. కానీ నేను విజేతని కాదు కదా, నన్నెవరూ అడగలేదు.

తిరిగొచ్చాక అప్పలనర్సు నా బల్ల దగ్గరికొచ్చి, "గురువుగారూ, నా సెలవు ఎప్పట్నుంచి పెట్టమంటారు?" అని అమాయకంగా అడిగాడు. పాపం అనిపించి, తలుపు మూసి సంగతి చెప్పాను. ఆ సాయంత్రమే అతనూ తిరస్కరించి, తరవాతి వారం ఐదో షాలే తనిఖీకి వెళ్ళాడు. అతని తరవాత రికార్డుల సూరమ్మగారు, ఆవిడ తరవాత డ్రైవరు బంగార్రాజు. ఎవరికి బహుమతొచ్చినా ఆ పూటే నా దగ్గరికొచ్చేవారు. తిరస్కార పత్రం ఒకటి టైపు చేసి పెట్టుకున్నాను. పేరు నింపుకుంటే చాలు. ఈలోగా ఒక చలికాలం పోయి ఇంకోటి వచ్చింది. ఆఫీసులో ఉల్లాసం ఎంత పెరిగిందంటే, ఫైళ్ళ గురించి ఎవరూ పోట్లాడుకోవడం లేదు. హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.

చివరికి పురస్కారం జాబితాలో ఆఖరి పేరు దగ్గరికొచ్చి ఆగింది. గవరయ్య.

"బాబూ, నాకు బగుమతొచ్చిందట. నానూ నా ఇంటిదీ, మా ముగ్గురాడపిల్లలూ. నిజంగా ఎల్లిపోడమేనా?" అన్నాడు.

"వెళ్ళాలంటే ముందు వద్దనాలి గవరయ్యా."

"వొద్దంటే ఎల్తామా? ఇదేటి నాయం బాబూ?"

"మన ఆఫీసు న్యాయం. ఇక్కడ సంతకం పెట్టు."

ఎందుకో అనుమానంగానే, వంకరటింకరగా సంతకం పెట్టాడు. తుఫాను రోజున తడిసిన లెక్కన అతను మొట్టమొదట వెళ్ళవలసినవాడు. ఆ మాట ఆ రోజున నేను హెడ్డాఫీసుకి రాసి ఉండాల్సింది. రాయలేదు. ఆ తప్పు ఇప్పుడైనా దిద్దుకోవాలని, పదో షాలే తనిఖీకి నమూనా కుటుంబంగా గవరయ్యవాళ్ళని వేయించాను. శనివారం రైలు.

అయితే ఇప్పుడు విజేత ఎవరు? ఆఫీసులో అందరూ వద్దన్నారు. విజేత లేకపోతే కమిటీ రద్దు, కమిటీ రద్దయితే గవరయ్య ప్రయాణమూ రద్దు. రెండు రోజులు నిద్రపట్టలేదు నాకు. సర్క్యులర్ తిరగేస్తే, అదృష్టం బాగుండి, ఆఖరి పేజీలో దొరికింది: 'అర్హులెవరూ అంగీకరించని పక్షమున, పురస్కారము దానిని స్థాపించిన అధికారికే సంక్రమించును.' అదే రాసి పంపాను. ఎండీగారు ఎంతో వినయంతో అంగీకరించినట్టు మర్నాడే జవాబొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆయనే స్వయంగా ఫోన్ చేశారు.

"ఏమయ్యా జోగారావ్, కమిటీ ఎంతవరకూ వచ్చింది?"

"పదో షాలే తనిఖీ ఇవాళ మొదలవుతోందండీ."

"అదే... అంటే తొందరేం లేదనుకో." ఆయన గొంతు తగ్గించారు. "మా ఆవిడ అందరికీ చెప్పేసుకుందయ్యా. స్వెట్టర్లు కూడా కొనేసింది. నిజంగా మన మీదే పడుతుందా మంచు అని రోజూ అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. నువ్వు వెళ్ళొచ్చావుట కదా. లోపల ఏమైనా మార్గం ఉంటే చెప్పు."

నా గుండె జాలితో నిండిపోయింది. ఆ ప్రశ్న ఎలాంటిదో నాకన్నా ఎవరికి తెలుసు? మార్గం ఉంది. 'వద్దని రాసెయ్యండి సార్' అంటే చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఆటో నిండిపోయి ఉంది. గవరయ్య భార్య మా అత్తగారి కోతి టోపీ అప్పుడే పెట్టేసుకుంది. విజయనగరం ఎండలో చెమటలు కారుతున్నా తియ్యడం లేదు. ముగ్గురు ఆడపిల్లలూ ఒకరి ఒళ్ళో ఒకరు కూచున్నారు. గవరయ్య మాత్రం ఇంకా ఎక్కలేదు. ఫోన్ ఎవరిదోనని భయంభయంగా నా వైపే చూస్తున్నాడు.

"అయ్యా, తమరి హోదాకి తగిన షాలే దొరికేదాకా కమిటీ విశ్రమించేది లేదండీ" అన్నాను.

"అంతేనంటావా? సరే, క్షుణ్ణంగా చూడమను. ఏ లోటూ రాకూడదు" అన్నారు ఎండీగారు, కాస్త తేలికపడి.

"చిత్తం సార్, చూస్తారు" అన్నాను, ఇక బయల్దేరమని గవరయ్యకి చెయ్యి ఊపుతూ.